డెబ్బై రోజులు, అరవై ఒక్క గంటలు: మా చిన్న ట్రైలరును దూరప్రయాణానికి సిద్ధం చేసిన అనుభవం

చిన్న క్యాంపింగ్ ట్రైలర్లు ఉన్నవాళ్ళందరూ ఒక మైదానంలో కలుసుకుని నాలుగు రాత్రులు గడిపే కలయికకు మా ట్రైలరును లాక్కుని వెళ్ళి, ఈ మధ్యనే ఇంటికి తిరిగి వచ్చాము. పోవడానికి 1,460 కిలోమీటర్లు, రావడానికి అంతే. ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అది బాగానే జరిగింది. దానికి ముందు గడిచిన డెబ్బై రోజుల గురించి మాత్రం చెప్పవలసినది చాలా ఉంది. 2025 జులై 6న పని మొదలుపెట్టిన నాటి నుంచి ఏ రోజు ఏం చేశానో, ఎంతసేపు చేశానో నోటుపుస్తకంలో రాసుకున్నాను. సెప్టెంబరు 14 రాత్రి కూడి చూస్తే చేతితో పని చేసిన సమయం మొత్తం 61 గంటలే తేలింది. మిగిలినదంతా ఏదో ఒకటి ఆరాలనో, అంటుకోవాలనో, రావాలనో కూర్చుని ఎదురుచూసిన కాలమే.

మాది నాలుగు మీటర్ల పొడవున్న ఫైబర్‌గ్లాసు ట్రైలరు. ఒకే ఇరుసు, రెండు చక్రాలు, కారు నుంచే పని చేయించే విద్యుత్ బ్రేకులు. లోపల ఒక మంచం, రెండు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్, 45 లీటర్ల నీళ్ళ ట్యాంకు ఉన్నాయి. మేము దానికి మూడో యజమానులం. కొన్న తరువాత రెండుసార్లు దగ్గరి దూరాలకు తీసుకువెళ్ళాము. రెండుసార్లూ ఏ ఇబ్బందీ రాలేదు కనుక అది బాగానే ఉందని నమ్మాను. ఆ నమ్మకంతోనే నా జాబితాలో మొదటి పనిగా కిటికీల కర్టెన్లు రాసుకున్నాను. కలయికలో అందరూ ఒకరి ట్రైలరు లోపలికి ఒకరు తొంగి చూస్తారని విన్నాను మరి. జులై 12 నాటికి కర్టెన్లు కుట్టి, ఇస్త్రీ చేసి, మడిచి పెట్టాను. మొదటి వారమంతా దానికే ఖర్చయింది.

మరునాడు మా తమ్ముడు వచ్చాడు. వాడు కర్టెన్ల వైపు చూడనైనా చూడకుండా టైరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "అక్కా, దీని వయసెంతో చూశావా?" అని అడిగాడు. టైరు గోడ మీద చిన్న చట్రంలో 2316 అని అచ్చు వేసి ఉంది. మొదటి రెండంకెలు వారాన్ని, తరువాతి రెండు ఏడాదిని చెబుతాయట. అంటే అది 2016లో ఇరవై మూడో వారంలో తయారైన టైరు, దానికి తొమ్మిదేళ్ళు నిండాయి. పైభాగం మీద గాళ్ళు కొత్త టైరుకు ఉన్నంత లోతుగా ఉన్నాయి కనుక నాకు ఏనాడూ అనుమానం రాలేదు. ట్రైలరు టైర్లు అరిగిపోవడం కన్నా ముందే, నిలబడి ఎండకు మాడి పాతబడిపోతాయని, ఐదారేళ్ళు దాటితే మార్చడం మంచిదని వాడు చెప్పాడు. వేలితో నొక్కి చూపిస్తే పక్క గోడ మీద సన్నని పగుళ్ళు నోరు తెరిచాయి. స్పేరు చక్రం మీద అంకెలు చూడబోతే అది ఇంకా ముసలిది. మూడు టైర్లకూ, వాటితో పాటు గాలి వాల్వులకూ జులై 14న చెప్పి పెట్టాము. ఐదు రోజులన్నారు, పదకొండు రోజులు పట్టింది.

ఆ పదకొండు రోజులు ఖాళీయే కదా, కర్టెన్ల కడ్డీలు బిగిద్దామని జులై 15 సాయంత్రం మంచం మీద పరుపు ఎత్తాను. కిటికీ కింద, గోడకు ఆనుకుని ఉన్న ప్లైవుడ్ మీద అరచేయంత మచ్చ కనిపించింది. పాత మచ్చ అయి ఉంటుందనుకుని స్క్రూడ్రైవరు మొనతో తాకాను. మొన చెక్కలోకి ఇట్టే దిగిపోయింది, శబ్దం కూడా రాలేదు. అక్కడే నేల మీద చాలాసేపు కూర్చుండిపోయాను. పక్కన కొత్త కర్టెన్ల మడతలున్నాయి. పైన పటారం, లోన లొటారం అన్న మాటకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ ఎక్కడా దొరకదని అనిపించింది. మా వారు వచ్చి చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ భయం కలిగించింది.

నీళ్ళు కిటికీ చట్రం నుంచి దిగుతున్నాయి. మాకు ముందున్న యజమాని కారుతున్న ప్రతిచోటా పైపైన సిలికోను పూసి వదిలేశాడు. సిలికోనుతో వచ్చే చిక్కు నాకు అప్పుడే తెలిసింది. దాని మీద మరేదీ అంటుకోదు, కొత్త సిలికోను కూడా సరిగ్గా పట్టదు. కనుక పాతదంతా ఆనవాలు లేకుండా గీకెయ్యాలి. జులై 16 నుంచి 19 వరకు నాలుగు సాయంత్రాలు ప్లాస్టిక్ బ్లేడుతో గీకాను. ఇనుప బ్లేడు వాడితే ఫైబర్‌గ్లాసు మీద గీతలు పడతాయి. కిటికీ విప్పి, కుళ్ళిన చెక్కను కోసి తీసివేసి, చుట్టూ ఉన్న చెక్క ఆరడానికి ఫ్యాను పెట్టాము. మూడు రోజుల్లో ఆరుతుందనుకున్నాను. తేమ కొలిచే చిన్న పరికరం ఒకటి తెచ్చి రోజూ చూస్తూ ఉంటే అంకె రోజుకు ఒకటో అరో తగ్గుతూ వచ్చింది. తడి చెక్క మీద కొత్త పలక బిగిస్తే కుళ్ళును లోపల పెట్టి మూసినట్లే కనుక ఓపిక పట్టక తప్పలేదు. పన్నెండు రోజులు పట్టింది. కిటికీ ఉండవలసిన చోట ప్లాస్టిక్ పట్టా, లోపల రాత్రింబగళ్ళు ఫ్యాను చప్పుడు.

ఈలోగా జులై 25న టైర్లు వచ్చాయి. 26న చక్రాలు విప్పాము. చక్రాలు ఎలాగూ విప్పాము కదా, చక్రం తేలికగా తిరగడానికి దాని నడుమ ఉండే బేరింగులు కూడా చూద్దామని మా వారు అన్నారు. ఆ "ఎలాగూ" అన్న మాట మా డెబ్బై రోజుల్లో అత్యంత ఖరీదైన మాట అయింది, అత్యంత అవసరమైనది కూడా అదే. కుడి హబ్బులో, అంటే బేరింగులు కూర్చునే చక్రం నడిమి భాగంలో, గ్రీజు గోధుమ రంగులోకి తిరిగినా జిడ్డుగానే ఉంది. ఎడమ హబ్బు మూత తీయగానే మాడిన వాసన వచ్చింది. లోపలి బేరింగు రోలర్లు నీలిరంగు తిరిగి ఉన్నాయి. అది బాగా వేడెక్కిందనడానికి గుర్తు. గ్రీజు బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీలు చిరిగి, కరిగిన గ్రీజు బ్రేకు డ్రమ్ములోకి కారి, డ్రమ్మును రాసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు లైనింగులను నిలువునా తడిపేసింది. అంటే మేము ఏ ఇబ్బందీ లేదని సంతోషించిన ఆ రెండు ప్రయాణాల్లోనూ ట్రైలరు ఒక చక్రం బ్రేకుతోనే ఆగింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఒక దిగుడు రోడ్డు మీద కారును ట్రైలరు పక్కకు లాగినట్లు అనిపించిన సంగతి, అప్పుడు దాన్ని గాలి అనుకున్న సంగతి పదే పదే గుర్తుకు వచ్చాయి.

గ్రీజు పీల్చుకున్న లైనింగును కడిగి వాడుకోవచ్చునేమోనని ఆశపడ్డాను. కుదరదు. ఎంత కడిగినా, వేడెక్కినప్పుడు లోపలి గ్రీజు మళ్ళీ పైకి వస్తుంది. పైగా ఒక వైపే కొత్తవి వేస్తే రెండు చక్రాలు ఒకేలా పట్టవు కనుక రెండు వైపులా మార్చాలి. బేరింగును కూడా ఒంటరిగా మార్చకూడదు. అది తిరిగే కప్పు హబ్బులోనే దిగి ఉంటుంది, దాన్ని కూడా కొట్టి తీసి కొత్త జత వేయాలి. జులై 28న అన్నీ కలిపి తెప్పించాము. ఆగస్టు 11న, అంటే పద్నాలుగు రోజులకు పెట్టె వచ్చింది. ఆయిల్ సీళ్ళు మూడు మిల్లీమీటర్లు పెద్దవి. తప్పు పంపినవారిది కాదు, నాది. నేను ట్రైలరుతో వచ్చిన పుస్తకం చూసి నంబరు రాశాను. ఎప్పుడో ఒక యజమాని ఇరుసునే మార్చి ఉన్నాడు. పుస్తకంలో ఉన్నది మాకు లేని ఇరుసు. పాత సీలు అంచును గుడ్డతో తుడిస్తే దాని నంబరు దాని మీదే చెక్కి ఉంది. ఒక్క తుడుపు తుడవనందుకు మరో ఎనిమిది రోజులు పోయాయి. మీరు ఈ పని పెట్టుకుంటే పుస్తకాన్ని నమ్మకండి, విప్పిన భాగాన్ని చేతిలో పట్టుకుని దాని మీది అంకెలు చదవండి.

ఈ నిరీక్షణలో నేను ఊహించని మరో చిక్కు వచ్చింది. చక్రాలు లేని ట్రైలరు స్టాండ్ల మీద నిలబడి ఉంటుంది. దాన్ని కదపలేము, లోపలికి ఎక్కి గట్టిగా పని చేయలేము, తూకానికి తీసుకువెళ్ళలేము. జాబితాలో సగం పనులు ఆ మూడు మిల్లీమీటర్ల సీలు వెనుక వరుస కట్టి నిలబడ్డాయి. జులై చివరి వారంలో ఈ పనికి విడిగా పెట్టుకున్న డబ్బు అయిపోయింది, ఆగస్టు రెండో వారంలో ధైర్యం కూడా అయిపోయింది. కలయికకు రాలేమని చెప్పేద్దామా అని 12వ తేదీ రాత్రి మా వారిని అడిగాను. "సీలు వచ్చాక అడుగు" అన్నారు. అంతకు మించి ఆ చర్చ సాగలేదు.

తేలికపాటి పనులు మాత్రం మెల్లగా నడిచాయి. ఆగస్టు 2న కొత్త ప్లైవుడ్ కోసి, అంచులకు రంగు పట్టించి బిగించాము. మరునాడు కిటికీ చట్రం వెనుక చుట్టూ బ్యుటైల్ టేపు, అంటే నీళ్ళు దిగకుండా మూసే మెత్తని జిగురు పట్టీ, అంటించి కిటికీని తిరిగి కూర్చోబెట్టాము. మరలు ఒక్కసారిగా బిగించకూడదు. కొంచెం బిగించి, టేపు అంచుల నుంచి పిండుకుని బయటికి వచ్చేవరకు ఆగి, మరునాడు మళ్ళీ కొంచెం బిగించాలి. ఆగస్టు 6న నీళ్ళ పరీక్ష పెట్టాము. నేను లోపల టార్చి పట్టుకుని పడుకున్నాను, ఆయన బయట గొట్టంతో నీళ్ళు కొట్టారు. కింద నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క చోట కొన్ని నిమిషాలు ఆగుతూ పైకి వెళ్ళాలి. మొదటే పైకప్పు మీద పోస్తే నీళ్ళు అన్నిచోట్లా జారి, ఏ చిల్లి నుంచి వచ్చాయో తెలియదు. కిటికీ చుక్క కూడా కారలేదు. నేను సంతోషంగా లేవబోతుంటే పైకప్పులో గాలి కోసం తెరిచే గాలిమూత పక్క నుంచి ఒక చుక్క సరిగ్గా నా నుదుటి మీద పడింది. అక్కడ ఒక రివెటు వదులైంది. అదే ఆ కుళ్ళుకు రెండో మూలం కూడా కావచ్చు, ఎందుకంటే నీళ్ళు పైన దిగి గోడ వెంట జారి కింద తేలుతాయి. దాన్ని మార్చి, సీలెంటు పూసి, రెండు రోజులు ఆరనిచ్చి, 9న మళ్ళీ పరీక్ష చేశాము. అరగంట నీళ్ళు కొట్టినా లోపల పొడిగా ఉంది.

ఆగస్టు 19న సరైన సీళ్ళు వచ్చాయి. 20, 21 తేదీల్లో తమ్ముడు ఉండి మాతో చేయించాడు, తాను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దారిలో ఏదైనా అయితే విప్పవలసినది నువ్వే కదా అక్కా అన్నాడు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు వైపును దానికి కొడుతూ, రోలర్ల సందుల్లో నుంచి అవతలి వైపుకు గ్రీజు పొడుచుకు వచ్చేవరకు దట్టించాలి. పాత గ్రీజు మీద వేరే రకం గ్రీజు కలిపితే రెండూ పొసగక పలచబడి కారిపోవచ్చు కనుక హబ్బును మొదట శుభ్రంగా కడిగాము. డ్రమ్మును తిప్పుతూ నట్టు బిగించి, తరువాత వదులు చేసి, మళ్ళీ వేళ్ళతో మాత్రమే బిగించి, నట్టు కదలకుండా పట్టే పిన్ను వంచాలి. గట్టిగా బిగిస్తేనే భద్రమన్న నా బుద్ధికి ఇది ఎంతకూ ఎక్కలేదు. మరీ బిగుతుగా ఉంటే బేరింగు వేడెక్కి మాడిపోతుంది. మా ఎడమ చక్రానికి బహుశా జరిగినది అదే. 22న ముప్పై కిలోమీటర్లు తిప్పి, ఆగి, హబ్బుల మీద చేయి పెట్టాను. రెండూ గోరువెచ్చగా, ఒకదానికొకటి సమానంగా ఉన్నాయి. ఆ వెచ్చదనం తగిలాక ఇక వెళ్ళగలమని నాకు మొదటిసారి నమ్మకం కలిగింది.

తరువాతి పనులు కొంత వేగంగా జరిగాయి. బ్రేకు నొక్కితే ఎడమ ఇండికేటరు మసకగా వెలిగేది. బల్బులు మార్చాను, ప్లగ్గు మార్చాను. చివరికి తుప్పు పట్టిన ఎర్తింగు మరను గరుకు కాగితంతో రుద్దగానే నయమైంది. ఖర్చు లేదు, కానీ రెండున్నర గంటలు పోయాయి. గ్యాసు రబ్బరు గొట్టం మార్చి, కీళ్ళన్నింటికీ సబ్బునీళ్ళు పూసి బుడగలు రావని చూసుకున్నాము. గ్యాసు కారితే కూత పెట్టే అలారం వెనుక దాని గడువు తేదీ అచ్చు వేసి ఉంటుంది. మాది ఎప్పుడో దాటిపోయింది. దాని పచ్చదీపం మాత్రం వెలుగుతూనే ఉంది, అందుకే మాకు తెలియలేదు. ఫ్రిజ్ గ్యాసు మీద వెలగకపోతే బర్నరు గొట్టం విప్పి చూశాము. ఏదో పురుగు మట్టితో గూడు కట్టుకుని ఉంది. నీళ్ళ ట్యాంకులో వాసన లేని మామూలు బ్లీచి 50 మిల్లీలీటర్లు నీళ్ళలో కలిపి పోసి, కొళాయిలన్నీ తిప్పి, రాత్రంతా ఉంచి, మూడుసార్లు కడిగాము.

బ్యాటరీ గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది తరువాత మరో చిక్కుకు దారితీసింది. ఆగస్టు 24 రాత్రి పూర్తిగా చార్జి చేసి 12.7 వోల్టులు చూసి పడుకున్నాను. తెల్లవారేసరికి, ఒక్క దీపం కూడా వేయకుండానే, 11.9కి పడిపోయింది. ఆ బ్యాటరీ పని అయిపోయింది. కలయిక జరిగే మైదానంలో కరెంటు ఉండదు కనుక నాలుగు రాత్రులు బ్యాటరీయే దిక్కు. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుందని, అందువల్ల బ్యాటరీ మీద దాని సామర్థ్యం వంద ఆంపియర్ అవర్లు అని రాసి ఉన్నా నిజంగా చేతికి వచ్చేది యాభైయేనని లెక్క వేసుకుని, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ తెప్పించాము. ఆరు రోజులకు, సెప్టెంబరు 1న వచ్చింది. పాత చార్జరు దానికి పనికిరాదని పెట్టె తెరిచాక తెలిసింది. చార్జరు కూడా కలిపితే అన్నింటికన్నా పెద్ద ఖర్చు ఇదే అయింది. పాతది 29 కిలోలు, కొత్తది 12 కిలోలు. ఒంటి చేత్తో ఎత్తి ముందు భాగంలోని పెట్టెలో పెడుతూ ఎంత తేలికో అని మురిసిపోయాను.

సెప్టెంబరు 6న ప్రయాణానికి కావలసిన సామానంతా సర్ది, ట్రైలరును లారీలు తూచే కాటాకు తీసుకువెళ్ళాము. మొత్తం 840 కిలోలు తూగింది. మా ట్రైలరుకు అనుమతించిన గరిష్ఠ బరువు 900. సామాను అంతగా లేదనుకుంటూనే మేము హద్దుకు అంత దగ్గరగా వచ్చామని అర్థమైంది. ఇంటికి వచ్చి, ట్రైలరును కారు కొక్కేనికి తగిలించే కప్లరు కింద ఒక చెక్క దిమ్మె నిలబెట్టి, దాని కింద మనుషులు బరువు చూసుకునే మామూలు తూకం పెట్టి, కారు కొక్కెం మీద పడే బరువు చూశాము. 61 కిలోలు. అంటే మొత్తంలో ఏడు శాతం పైచిలుకు. మా ట్రైలరు పుస్తకం పది నుంచి పదిహేను శాతం ఉండాలంటుంది. ముందు బరువు తక్కువైతే ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది, వేగం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది. బుర్ర గోక్కుని ఆలోచిస్తే సంగతి తెలిసింది. ముందున్న బ్యాటరీ 17 కిలోలు తగ్గింది కదా, కొక్కెం మీద సుమారు 14 కిలోలు అక్కడే పోయాయి. నేను మురిసిపోయిన తేలికదనం ఇలా ఎదురు తిరిగింది. మిగతాది వెనుక భాగంలో నేను సర్దిన సామాను పుణ్యం. పనిముట్ల పెట్టె 14 కిలోలు, బయట నీడకు వేసుకునే పందిరి 18 కిలోలు. ఆ రెండింటినీ ఇరుసు వెనుక నుంచి ముందుకు మార్చగానే తూకం 91 చూపించింది. కారు తయారీదారు కొక్కెం మీద అనుమతించిన హద్దు 100. నీళ్ళ ట్యాంకు కూడా ఇరుసు వెనుకే ఉంది, అది నిండితే 45 కిలోలు. అందుకని దారిలో పావు ట్యాంకుతోనే నడిచి, చేరిన తరువాత నింపుకోవాలని నిర్ణయించాము.

వెనక్కి తోలడం సాధన చేయడానికి ఆగస్టు చివరి రెండు రోజులూ ఒక ఖాళీ మైదానానికి వెళ్ళాము. చిన్న ట్రైలరు కదా, తేలిక అనుకుంటారు. నిజానికి పొడవైన దానికన్నా పొట్టిది ఇంకా త్వరగా మడతపడుతుంది. స్టీరింగు అడుగున చేయి పెట్టి, ట్రైలరు వెనుక భాగం ఎటు పోవాలో చేతిని అటే కదపాలన్నది ఒక్కటే మాకు పనికొచ్చిన ఉపాయం. అసలు కష్టం స్టీరింగుతో కాదు, మా ఇద్దరితో. నేను "ఇటు, ఇటు" అంటాను, అద్దంలో చూసే ఆయనకు ఏ ఇటో తెలియదు. ముప్పై రెండేళ్ళ కాపురంలో జరిగిన పెద్ద తగాదాల్లో రెండు ఆ మైదానంలోనే జరిగాయి. చివరకు "డ్రైవరు వైపు", "అవతలి వైపు", "ఆగండి" అన్న మూడు మాటలు తప్ప మరేమీ పలకకూడదని ఒప్పందం చేసుకున్నాము. ఆయన అద్దం నాకు కనిపించే చోటే నేను నిలబడాలన్నది రెండో షరతు.

సెప్టెంబరు 9 రాత్రి ఇంటి ముందే ట్రైలరులో పడుకున్నాము. మరునాడు అరవై కిలోమీటర్లు నడిపి చూస్తే రెండు సొరుగులు తెరుచుకుని, గిన్నెలన్నీ నేల మీద దొర్లుతున్నాయి, కర్టెను కడ్డీ ఒకటి ఊడి మంచం మీద పడి ఉంది. సొరుగులకు గడియలు బిగించి, కడ్డీ మరలకు వదులవకుండా పట్టే జిగురు పెట్టాను. కర్టెన్లు కట్టడం అది మూడోసారి.

ఖర్చుల గురించి ఎవరూ సూటిగా చెప్పరు కనుక నా లెక్క చెబుతాను. ఈ పనులకు మేము పెట్టుకున్న సొమ్మును నూరు వంతులనుకుంటే, చివరికి అయినది 230 వంతులు. అందులో బ్యాటరీ, చార్జరు 85, బ్రేకులు, బేరింగులు 45, టైర్లు 40, ప్లైవుడ్, కిటికీ, సీలెంట్లు 30, గ్యాసు గొట్టం, అలారం 15, కర్టెన్లతో సహా మిగిలినవన్నీ కలిపి 15. జులై 6న నేను రాసిన మొదటి జాబితాలో ఈ ఆఖరి పదిహేను వంతుల సామాను మాత్రమే ఉంది.

సెప్టెంబరు 15 ఉదయం బయలుదేరాము. చక్రాలు విప్పి బిగించాక మొదటి దూరప్రయాణం కనుక 80 కిలోమీటర్ల దగ్గర ఆగి, ఎంత బలంతో బిగించాలో అంతే బిగించే టార్క్ రెంచితో చక్రాల నట్లు చూశాను. పదింటిలో మూడు మరికాస్త తిరిగాయి. గంటకు 90 కిలోమీటర్లు దాటకూడదని ముందే అనుకున్నాము, దాటలేదు. పెద్ద లారీలు పక్క నుంచి దూసుకుపోయినప్పుడు ట్రైలరు ఒక్కసారి పక్కకు ఒరిగి తనంతట తానే సర్దుకునేది. ఇంధనం మాత్రం మామూలుగా కన్నా మూడో వంతు ఎక్కువ తాగింది. రెండో రోజు ఉదయం గాలిమూత దించకుండానే రోడ్డెక్కాము. వెనుక కారులో వస్తున్న ఎవరో పదే పదే హారను కొట్టి చూపిస్తే గాని మాకు తెలియలేదు. మూత విరగకపోవడం మా అదృష్టం. ఆనాటి నుంచి బయలుదేరే ముందు ఇద్దరం వేర్వేరుగా, ఎదురెదురు దిశల్లో, ట్రైలరు చుట్టూ ఒక్కొక్క ప్రదక్షిణం చేస్తున్నాము. ఆగిన ప్రతిచోటా హబ్బుల మీద చేయి పెట్టి చూడడం నాకు అలవాటైపోయింది.

17 సాయంత్రం మైదానం చేరి, మూడు మాటల ఒప్పందంతో రెండో ప్రయత్నంలోనే ట్రైలరును చోటులో పెట్టాము. నాలుగు రోజులూ జనం తలుపు దగ్గర ఆగి లోపలికి తొంగి చూశారు, కర్టెన్లు ఎవరు కుట్టారని అడిగారు. ఒక పెద్దాయన మాత్రం లోపలికి చూడలేదు. టైరు పక్కన వంగి, గోడ మీది నాలుగంకెలు చదివి, తల ఊపి వెళ్ళిపోయారు. ఆయన వెనకాలే పరుగెత్తి ఆ డెబ్బై రోజుల కథా చెప్పాలనిపించింది. నాలుగు రాత్రుల దీపాలు, పంపు, ఫ్యాను పోను బ్యాటరీలో ఇంకా 41 శాతం మిగిలింది. మూడో రాత్రి వాన పడింది. నేను అర్ధరాత్రి లేచి, టార్చి వేసి, పరుపు ఎత్తి కొత్త ప్లైవుడ్‌ను చేత్తో తడిమి చూశాను. పొడిగా ఉంది. మళ్ళీ ఒంటిగంటకు లేచి చూశాను.

21 ఉదయం తిరుగు ప్రయాణం కట్టాము. 80 కిలోమీటర్ల దగ్గర ఆగి రెంచి తీశాను. పది నట్లలో ఒక్కటి కూడా తిరగలేదు.